పెళ్ళి మాట, 376 కేసు: ఒక డిఫెన్స్ లాయర్ ఫైల్లోంచి

ముందే ఒక మాట. ఈ కేసులో ఇద్దరు మనుషులు ఎవరో తెలియకూడదు కాబట్టి ఊరు, ఉద్యోగాలు, కొన్ని తేదీలు మార్చాను. కేసు కొట్టేసినా సరే ఫిర్యాదు చేసిన అమ్మాయి ఎవరో తెలిసేలా రాయడం నేరమే, ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 228ఏ కింద, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 72 కింద. ఇది మా జూనియర్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది, అయినా వాట్సాప్ గ్రూపుల్లో జడ్జిమెంట్ కాపీలు పేర్లతో సహా పెట్టేస్తూనే ఉంటారు.

2023 జూన్‌లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి అబ్బాయి తండ్రి, మేనమామ మా ఆఫీసుకొచ్చారు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్. అబ్బాయికి 29 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్, కరోనా నుంచి ఇంట్లోనే పని. అమ్మాయికి 27, ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. కులాలు వేరు. రెండ్రోజుల కిందట అబ్బాయికి వేరే సంబంధంతో నిశ్చితార్థం అయింది, ఫొటోలు ఎవరో స్టేటస్ పెట్టారు, ఆ మర్నాడే ఎఫ్ఐఆర్. సెక్షన్లు 376(2)(ఎన్) అంటే అత్యాచారం, 417 అంటే మోసం, 506 అంటే బెదిరింపు. మేనమామ కూర్చోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఎంతిస్తే రాజీకొస్తారంటారు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా నేను సెక్షన్ చదివి వినిపించాను. ఒకే స్త్రీపై పదేపదే అత్యాచారం అనే ఈ క్లాజు 2013 సవరణలో వచ్చింది, కనీస శిక్షే పదేళ్ళు, పైన యావజ్జీవం దాకా. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి సంబంధం పెట్టుకున్నాడు, ఆ మాట మొదట్నించీ అబద్ధం అని తేలితే, సెక్షన్ 90 ప్రకారం ఆ సమ్మతి సమ్మతే కాదు. సమ్మతి లేదంటే ప్రతిసారీ అత్యాచారమే, అందుకే "పదేపదే". ఇది రాజీ పడే కేసు కాదని, జ్ఞాన్ సింగ్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు అత్యాచారం లాంటి నేరాలు ఇద్దరూ కలిసి కాగితం రాసుకుంటే పోయేవి కావని చెప్పిందని, ఇప్పుడు మీరు డబ్బు పట్టుకుని వాళ్ళింటికి వెళితే సాక్షిని కొనబోయారని బెయిల్ కూడా పోతుందని చెప్పాను. తండ్రి మొహం వాడిపోయింది. మేనమామ మాత్రం "అబ్బే, మార్చిలో పెద్దల్లో పెట్టినప్పుడు ఆరు లక్షలకి ఒప్పుకున్నట్టే ఉన్నారండీ" అన్నాడు.

అప్పుడు నాకు టెన్షన్ మొదలైంది.

ఎందుకో చెబుతాను. ఈ రకం కేసుల్లో పెద్దమనుషుల పంచాయితీ ఎంత దూరం తీసుకెళ్తుందో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసు చూపిస్తుంది: ఎడ్ల శ్రీనివాసరావు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2006. అందులో అబ్బాయి పెద్దల ముందు సంబంధం ఒప్పుకున్నాడు, పెళ్ళి చేసుకుంటానన్నాడు, తర్వాత కనబడకుండా పోయాడు. సుప్రీంకోర్టు శిక్ష నిలబెట్టింది. ఇలాంటి కేసు ఏది నడిచినా పీపీ (ప్రభుత్వ లాయర్) గారి చేతిలో మొదట ఉండే తీర్పు అదే. మా వాడు పంచాయితీలో కూర్చుని "తప్పు జరిగింది" అన్నాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఏదో రాశారు కూడా. అమ్మాయి సంతకం పెట్టలేదు, లేచి వెళ్ళిపోయింది. ఆ కాగితం పోలీసుల దగ్గరికి వెళ్ళింది.

ముందస్తు బెయిల్ వేశాం. 376లో ముందస్తు బెయిల్ అసలు రాదని చాలామంది అనుకుంటారు, అది పదహారేళ్ళ లోపు పిల్లల కేసులకు, వాళ్ళ మీద సామూహిక అత్యాచారం కేసులకు ఉన్న నిషేధం, దీనికి లేదు. కానీ ఫిర్యాదుదారుకి నోటీసు ఇచ్చి వినాలి, వాయిదా పడింది, ఆ గ్యాప్‌లో అరెస్టు చేశారు. 26 రోజులు సబ్ జైలు. తర్వాత సెషన్స్ కోర్టు మామూలు బెయిలిచ్చింది: ఇద్దరు షూరిటీలు, ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం, పాస్‌పోర్టు కోర్టులో, అమ్మాయి ఉండే వీధి వైపు వెళ్ళకూడదు. కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. నిశ్చితార్థం సరేసరి.

ఈలోపు అతను చేసిన ఒక ఘనకార్యం జైల్లో ములాఖత్‌కి వెళ్ళినప్పుడు చెప్పాడు. ఎఫ్ఐఆర్ సంగతి తెలిసిన రాత్రి ఒక ఫ్రెండు సలహాతో వాట్సాప్ చాట్ మొత్తం డిలీట్ చేశాడట. "నువ్వు డిలీట్ చేసింది నీ మీద సాక్ష్యం కాదు బాబూ, నీకున్న ఒకే ఒక్క సాక్ష్యం" అన్నాను. చాలాసేపు తల వంచుకునే ఉన్నాడు. ఈ రకం కేసులో క్లయింటు మొదటి రోజు లాయర్ దగ్గరికి వస్తే నేను చెప్పేది ఒక్కటే, ఫోన్ ముట్టుకోకు. నీకు సిగ్గనిపించేవి ఉన్నా, నీకు వ్యతిరేకమనిపించేవి ఉన్నా ముట్టుకోకు. నీకు ఏది వ్యతిరేకమో నీకు తెలియదు.

అదృష్టం ఏంటంటే పోలీసులు ఫోన్ సీజ్ చేసి ఫోరెన్సిక్ ల్యాబ్, అంటే ఎఫ్ఎస్ఎల్‌కి పంపారు, బ్యాకప్‌లోంచి చాలావరకు తిరిగొచ్చింది.

క్వాష్, అంటే ట్రయల్ లేకుండానే కేసు కొట్టేయమని హైకోర్టులో పిటిషన్, ఎందుకు వెయ్యలేదని బంధువుల్లో చదువుకున్నవాళ్ళు అడిగారు. పెళ్ళి హామీ కేసుల్ని సుప్రీంకోర్టు కొట్టేసిన తీర్పులు వాళ్ళూ చదివారు, ప్రమోద్ సూర్యభాన్ పవార్ 2019ది, ధ్రువరామ్ సోనార్ 2018ది. నిజమే. కానీ మా ఎఫ్ఐఆర్లో ఒక వాక్యం ఉంది: 2020 ఆగస్టులో మొదటిసారి "బలవంతంగా", ఏడుస్తుంటే పెళ్ళి చేసుకుంటానని ఓదార్చాడు అని. ఆ వాక్యం ఉండగా హైకోర్టు "ఇది విచారణలో తేలాల్సిన విషయం" అంటుంది, పైగా ఆ ఆర్డర్లో ఒకటి రెండు మాటలు మనకి వ్యతిరేకంగా పడితే అవి ట్రయల్ దాకా వెంటాడతాయి. డిశ్చార్జ్ (ఛార్జ్ పెట్టకుండానే వదిలేయమని అడగడం) కూడా అంతే, ఛార్జ్ దశలో నిందితుడి కాగితాలు కోర్టు చూడదు, దేవేంద్రనాథ్ పాఢి కేసు 2004 నుంచి అదే చట్టం. మా బలమంతా మా కాగితాల్లోనే ఉంది. కాబట్టి ట్రయలే. రెండేళ్ళ జీవితం పణం పెట్టి తీసుకున్న నిర్ణయం అది, తేలిగ్గా రాసేస్తున్నాను గానీ ఆ వారం నాకూ నిద్ర సరిగ్గా లేదు.

ఛార్జిషీటుతో మాకు ఇచ్చిన చాట్ 11 పేజీలు. అన్నీ ఒకే రకం, "నిన్ను తప్ప ఎవర్నీ చేసుకోను", "నన్ను నమ్ము", "ఇంకొంచెం టైం ఇవ్వు". చదివితే ఎవరైనా శిక్ష వేస్తారు. కానీ ఎఫ్ఎస్ఎల్ రిపోర్టులో పెన్‌డ్రైవ్ అని ఒక లైన్ కనబడింది. దాని కాపీ కోసం సీఆర్పీసీ 207 (నిందితుడికి కేసు కాగితాలు ఇవ్వాలనే సెక్షన్) కింద పిటిషన్ వేశాం. పీపీ అభ్యంతరం పెట్టారు, అందులో అమ్మాయికి సంబంధించిన వ్యక్తిగత విషయాలు ఉన్నాయని. ఆ అభ్యంతరం న్యాయమైనదే. పి. గోపాలకృష్ణన్ వర్సెస్ కేరళ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, మెమరీ కార్డులో ఉన్నది డాక్యుమెంటే, నిందితుడికి దాని మీద హక్కు ఉంది, కానీ బాధితురాలి ప్రైవసీ ఉన్నచోట కాపీ బదులు చూసుకోవడానికి అవకాశం ఇవ్వొచ్చు అని. చివరికి ఫొటోలు, వీడియోలు తీసేసి టెక్స్ట్ మాత్రం ఇచ్చారు. ప్రింటు తీస్తే నాలుగు వేల పేజీలు దాటింది.

నేనూ మా జూనియర్ అమ్మాయీ రెండు నెలలు చదివాం. రోజూ కోర్టు అయ్యాక సాయంత్రం ఏడు నుంచి. అదంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, సగం స్పెల్లింగులు వాళ్ళిద్దరికే అర్థమయ్యేవి. ప్రశ్నార్థకం ఎవరూ పెట్టరు. "పెళ్ళి చేసుకుంటావ్ కదా" అని అమ్మాయి రాస్తే అది ప్రశ్నా, నమ్మకమా, బెదిరింపా? దానికి అతను ఒక బొటనవేలు బొమ్మ పెడితే అది హామీయా, విసుగా? తర్వాత కోర్టులో జడ్జి గారు నిజంగానే అడిగారు, ఈ బొమ్మకి అర్థం ఏమిటని, పీపీ గారూ నేనూ చెరొక అర్థం చెప్పాం, ఆవిడ నవ్వి నోట్ చేసుకోలేదు.

ఇంకొకరి ప్రేమని ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ చదవడం ఏమంత గౌరవమైన పని కాదని ఆ రెండు నెలల్లో చాలాసార్లు అనిపించింది. కానీ దొరికినవి అక్కడే దొరికాయి. 2021 నవంబర్‌లో అతను ఇంట్లో చెప్పాడు, వాళ్ళమ్మ అన్నం మానేసింది, ఆ సంగతి అదే రాత్రి అమ్మాయికి రాశాడు. అమ్మాయి "మీ అమ్మ ఒప్పుకోకపోతే ఎవరి దారి వాళ్ళది అని ముందే అనుకున్నాంగా" అని రాసింది, మర్నాడు పొద్దున్న మళ్ళీ "ఊరికే అన్నాలే" అని రాసింది. మొదటిది మాత్రమే చూపించి రెండోది దాచే లాయర్లు ఉంటారు, అది తెలివి కాదు, పీపీ రీఎగ్జామినేషన్‌లో రెండోది చదివిస్తే మొదటిది కూడా కొట్టుకుపోతుంది. నేను రెండూ పెట్టాను. 2022 అక్టోబర్లో అమ్మాయి తల్లిదండ్రులు వాళ్ళింటికి వచ్చి మాట్లాడారు. 2023 జనవరిలో ఇద్దరూ కలిసి కల్యాణ మండపం చూశారు, అతను 20 వేలు అడ్వాన్సు కట్టాడు, రసీదు ఫొటో పంపాడు, దానికి అమ్మాయి "మే నెలలో ఎండలు చచ్చిపోతాం" అని రాసింది. రసీదు మీద ముహూర్తం తేదీ ఉంది. ఛార్జిషీటులోని 11 పేజీల్లో ఈ పేజీ లేదు.

ఫిబ్రవరిలో వాళ్ళమ్మ నిద్రమాత్రలు మింగింది. ఆస్పత్రిలో నాలుగు రోజులు. ఇంటికొచ్చాక అతను వెనక్కి తగ్గాడు. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పలేదు, మూడు వారాలు ఫోనే ఎత్తలేదు. మార్చిలో అమ్మాయి తరఫువాళ్ళే పెద్దల్లో పెట్టారు.

ఇక్కడ చట్టం ఎక్కడ నిలబడుతుందో చెప్పాలి. పవార్ తీర్పులో రెండు ప్రశ్నలున్నాయి: మాట ఇచ్చిన రోజునే నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా ఇచ్చాడా, ఆ మాట వల్లే ఆమె ఒప్పుకుందా. ఇచ్చినప్పుడు నిజమై తర్వాత తప్పిన మాట వేరు, పుట్టుకతోనే అబద్ధమైన మాట వేరు. దీపక్ గులాటీ 2013, నయీం అహ్మద్ 2023, అన్నీ ఈ గీత మీదే తిరుగుతాయి. అంటే మేము నిరూపించాల్సింది అతను మంచివాడని కాదు. 2020 ఆగస్టు నుంచి 2023 జనవరి దాకా అతని మనసులో పెళ్ళి ఉందని. పైగా 376(2) కేసుల్లో ఎవిడెన్స్ యాక్ట్ 114ఏ ఉంది, సంబంధం రుజువై ఆమె సమ్మతి లేదంటే కోర్టు లేదనే అనుకోవాలి, కాదని చూపించాల్సిన బరువు మన మీదకొస్తుంది. నిందితుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు అనే పాత క్రిమినల్ లాయర్ల సూత్రం ఇక్కడ పనిచెయ్యదు.

అంతా సర్దుకుంటోంది అనుకున్న సమయంలో పిడుగు పడింది. ఛార్జిషీటులో ఒక మ్యాట్రిమోనీ సైటు ప్రొఫైల్ ప్రింట్ ఉంది, అతనిది, రిజిస్ట్రేషన్ 2021 డిసెంబర్. అంటే అమ్మాయికి మాటలు చెబుతూనే పక్కన సంబంధాలు చూసుకుంటున్నాడు. అనురాగ్ సోనీ వర్సెస్ ఛత్తీస్‌గఢ్, 2019, అచ్చం ఇదే: అప్పటికే వేరే అమ్మాయితో పెళ్ళి అనుకుని ఉండి ఈ అమ్మాయికి మాట ఇచ్చాడు, శిక్ష కాలం తగ్గించినా దోషి అన్న తీర్పు నిలబడింది. నేను అతన్ని పిలిపించి ప్రింట్ ముందు పెట్టాను. "మా అమ్మ పెట్టింది సార్, నాకు తర్వాత తెలిసింది." ఈ మాట ఎవరైనా చెబుతారు. రుజువేది?

అక్క. పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటుంది. ఆ ప్రొఫైల్ సంగతి తెలిసిన రోజు ఇతను అక్కకి రాశాడట, అమ్మకి చెప్పి తీయించమని, తీయకపోతే ఇంటికి రానని. అక్క ఫోన్ మార్చింది, పాత ఫోన్ అద్దం పగిలి బీరువాలో పడుంది. ఛార్జింగ్ పెడితే ఎక్కింది. 2021 డిసెంబర్ 19, రాత్రి పదకొండు దాటాక, తమ్ముడు అక్కని తిడుతూ రాసిన పద్నాలుగు మెసేజులు. ప్రొఫైల్లో ఇచ్చిన ఫోన్ నంబరు కూడా వాళ్ళమ్మదే. ఆ రోజు నేను మా ఆఫీసు కుర్రాడితో మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం అంటే ఎవిడెన్స్ యాక్ట్ 65బి సర్టిఫికెట్ కావాలి, అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ తీర్పు, 2020, లేకపోతే చెల్లదు. కానీ అదే తీర్పులో ఇంకో దారి ఉంది, ఫోన్ సొంతదారే బోనెక్కి అసలు ఫోన్ కోర్టులో పెడితే సర్టిఫికెట్ అక్కర్లేదు. నేను రెండూ చేశాను. అక్క డీడబ్ల్యూ-1 (మా తరఫు మొదటి సాక్షి), పగిలిన ఫోన్ మెటీరియల్ ఆబ్జెక్ట్, ప్రింటులకి సర్టిఫికెట్. బెల్టూ కట్టాను, మొలతాడూ కట్టాను. ఇప్పుడు కొత్త చట్టం కింద, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద, ఆ సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఉంటుంది, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే గుర్తు) రాయాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. మా కేసు 2024 జూలై 1 కంటే ముందే నడుస్తోంది కాబట్టి పాత చట్టమే వర్తించింది.

విచారణ 2024 సెప్టెంబర్లో మొదలైంది. మూసిన తలుపుల వెనక, మహిళా జడ్జి. అమ్మాయి చీఫ్ (పీపీ అడిగితే చెప్పే మొదటి సాక్ష్యం) బాగా చెప్పింది, ఏడవలేదు, ఎక్కడా పెంచి చెప్పినట్టు అనిపించలేదు.

క్రాస్‌కి ముందు రోజు అబ్బాయి బంధువులు ఒక కవరు తెచ్చారు. అమ్మాయికి డిగ్రీలో ఉండగా ఎవరితోనో పరిచయం ఉందని, ఫొటో ఉందని. ఇది అడగమని. నేను కవరు తెరవలేదు. గత సంబంధాల గురించి అడగడానికి వీల్లేదని ఎవిడెన్స్ యాక్ట్ 53ఏ, 146 ప్రొవిజో చెబుతాయి, అడిగితే జడ్జి ఆపుతారు. చట్టం ఒకటే కాదు, అడిగిన క్షణం మా కేసు మారిపోతుంది. మా కేసు ఏంటి? వీళ్ళిద్దరూ నిజంగా ప్రేమించుకున్నారు, పెళ్ళి చేసుకోవాలనుకున్నారు, కుదరలేదు. అలాంటప్పుడు ఆ అమ్మాయిని నేనే బురదలోకి లాగితే, నా క్లయింటు ఆమెని పెళ్ళి చేసుకుందామనుకున్నాడని ఎవరు నమ్ముతారు? మేనమామకి కోపం వచ్చింది, "లాయర్ని మారుద్దాం" అని బయట అన్నట్టు తెలిసింది. మార్చలేదు, ఫీజు అప్పటికే సగం ఇచ్చి ఉన్నారు కదా, అదీ ఒక కారణమై ఉంటుంది.

రెండు రోజుల్లో కలిపి క్రాస్ రెండు గంటలు. చాలావరకు కాగితాలు చూపించడం, మీరు రాసిందేనా అనడం. ఆమె దాదాపు అన్నీ ఒప్పుకుంది. అసలైన భాగం ఇంతే:

"కులాలు వేరని మొదట్నించీ మీ ఇద్దరికీ తెలుసు."

"తెలుసు."

"2021లో వాళ్ళమ్మ ఒప్పుకోలేదని అతనే మీకు చెప్పాడు."

"చెప్పాడు. ఒప్పిస్తానన్నాడు."

"ఒప్పించడానికి ప్రయత్నం చేశాడు."

కొంచెం ఆగి, "చేశాడు."

"మండపం చూడ్డానికి మీరూ వెళ్ళారు."

"వెళ్ళాను."

అక్కడ ఆపేశాను. వెనక నుంచి మా జూనియర్ స్లిప్ అందించింది, "అయితే మోసం చేసే ఉద్దేశం లేనట్టేగా అని అడగండి" అని. అడిగితే ఆమె చెప్పే జవాబు నాకు తెలుసు, ఎవరికైనా తెలుసు, మూడు వారాలు ఫోన్ ఎత్తనివాడి గురించి ఆమె ఏం చెబుతుంది? ఆ మాట వాదనలో నేను చెప్పాలి, ఆమె నోటితో చెప్పించకూడదు.

"బలవంతం" గురించి మాత్రం తప్పలేదు. మెజిస్ట్రేట్ ముందు 164 స్టేట్‌మెంట్లో ఆ మాట లేదు. మీరు అబద్ధం చెబుతున్నారు అనకుండా, ఫిర్యాదు ఎవరు రాశారని అడిగాను. స్టేషన్ ఎదురుగా జిరాక్స్ షాపులో బాబాయి టైప్ చేయించాడు, తను చివర సంతకం పెట్టాను అంది. మెజిస్ట్రేట్ గారికి మీ మాటల్లో చెప్పారా అంటే, అవును, నా మాటల్లోనే. చాలు. డాక్టర్ సాక్ష్యం మూడేళ్ళ తర్వాత పరీక్ష కాబట్టి ఎటూ ఉపయోగపడలేదు, రెండు ప్రశ్నలతో వదిలేశాను. ఇలాంటి కేసుల్లో "చదువుకున్న అమ్మాయి, అన్నీ తెలిసినది, ఎలా మోసపోతుంది" అని గంటసేపు వాదించేవాళ్ళుంటారు. తీర్పుల్లో ఆ మాట ఉంది నిజమే. నాకు మాత్రం ఆ వాదన ఇష్టం ఉండదు, ఎమ్మెస్సీ చదివితే మనిషిని నమ్మడం మానేస్తారా? వాదనల్లో ఒక్క పేరాలో ముగించాను.

పంచాయితీ పెద్దలు పీడబ్ల్యూ-4, 5, అంటే ప్రాసిక్యూషన్ సాక్షులు. భయపడింది వాళ్ళ గురించే. పీడబ్ల్యూ-4 పెద్దాయన, రైసు మిల్లు యజమాని, పంచె సర్దుకుని బోనెక్కి చీఫ్‌లో "అబ్బాయి తప్పు జరిగింది అన్నాడండి" అని చెప్పాడు. పీపీ గారు కూర్చున్నారు. నేను అడిగింది ఒకటే, ఏది తప్పు అన్నాడు అని. తెలియని జవాబుకి ప్రశ్న వెయ్యకూడదంటారు. ఇక్కడ వెయ్యకపోతే ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఆయన గుమాస్తా దగ్గర లెక్క చెప్పినట్టు చెప్పాడు: "ముహూర్తం దాకా వచ్చి ఆగిపోవడం తప్పేనండీ, నాకైతే ఇప్పటికీ చేసుకోవాలని ఉంది, చేసుకుంటే మా అమ్మ బతకదు అని ఏడ్చాడండీ. అమ్మాయి మాత్రం ఏడవలేదండీ." చివరి వాక్యం ఎవరూ అడగలేదు. రికార్డులోకి ఎక్కింది.

ఎడ్ల శ్రీనివాసరావు కేసుకీ మాకూ తేడా అక్కడ దొరికింది. అందులో అమ్మాయి మొదట నెలల తరబడి కాదంది, తలుపులేసి చేసిన పని తర్వాత ఓదార్పుగా వచ్చిన మాట అది, పంచాయితీలో చేసుకుంటానని గడువు అడిగి జారుకున్నాడు. ఇక్కడ పంచాయితీ మాటలే, చేసుకోవాలనుకున్నాడనీ, చేసుకోలేకపోయాడనీ చెబుతున్నాయి. స్టాంపు పేపరు మీద ఆరు లక్షలని ఉంది, అవి దేనికోసమో రాసి లేదు.

అక్క సాక్ష్యం ఒక పూట పట్టింది. పీపీ గారు తమ్ముడి కోసం చెబుతున్నావన్నారు, అవును తమ్ముడే అంది, కానీ మెసేజ్ ఇప్పుడు రాసింది కాదు కదండీ అంది. 313లో, అంటే కోర్టు నిందితుణ్ణి అడిగే ప్రశ్నల దశలో, మా వాడు "అబద్ధం, తెలియదు" అని పాఠం అప్పజెప్పకుండా రాతపూర్వకంగా ఇచ్చాం: సంబంధం నిజం, మాట ఇచ్చిన సంగతి నిజం, మాట తప్పిన సంగతీ నిజం, మొదట్నించీ మోసం అన్నది అబద్ధం. ఇంత ఒప్పుకోవడం అవసరమా అని తోటి లాయర్లు అడిగారు. 114ఏ ఉన్న కేసులో ఒప్పుకోకపోతే ఏది నమ్మమని అడుగుతాం?

తీర్పు 2025 జూలైలో. బలవంతం రుజువు కాలేదు, మాట ఇచ్చాడు, కానీ అది మొదటినుంచీ అబద్ధమని ప్రాసిక్యూషన్ చూపించలేదు, 114ఏ ఊహని నిందితుడు తొలగించాడు, కాబట్టి 376(2)(ఎన్), 417 రెండూ పోయాయి, బెదిరింపుకి సాక్ష్యమే లేదు. మూడు వారాలు ఫోన్ ఎత్తకపోవడం గురించి కూడా జడ్జి గారు ఒక పేరా రాశారు. అది నేను వాళ్ళకి చదివి వినిపించలేదు, కాపీ ఇచ్చాను, చదువుకోవచ్చు.

ఇదే కథ 2024 జూలై 1 తర్వాత జరిగి ఎఫ్ఐఆర్ అయితే బీఎన్‌ఎస్ 69 వస్తుంది. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్ళి మాట చెప్పి సంబంధం పెట్టుకోవడం విడిగా నేరం, పదేళ్ళ దాకా, కనీస శిక్ష లేదు. చాలామంది ఇది తేలికైంది అనుకుంటున్నారు. కనీసం లేకపోవడం ఒక ఊరటే, కానీ ఎఫ్ఐఆర్లో 69తో పాటు 64 (అత్యాచారం) కూడా తగిలిస్తే పాత కథే. ఉద్దేశం ఎప్పుడు పుట్టింది అనే ప్రశ్న మాత్రం మారలేదు, రసీదులూ పాత ఫోన్లూ అప్పుడూ ఇప్పుడూ అంతే ముఖ్యం.

కొట్టేసిన మర్నాడు మేనమామ మళ్ళీ వచ్చాడు. తప్పుడు కేసు పెట్టినందుకు ఆ అమ్మాయి మీద ఎదురు కేసు వెయ్యాలట. నేను వెయ్యనన్నాను. రుజువు కాలేదు అన్నదాన్ని అబద్ధం అనుకుంటే ఎలా, ఆమె చెప్పినవాటిలో తొంభై శాతం మనమే ఒప్పుకున్నాం కదా అన్నాను. అబ్బాయి పక్కనే ఉన్నాడు, "వద్దు మావయ్యా" అన్నాడు. అది ఒక్కటీ అతను తనంతట తాను చెప్పిన మాట, ఈ రెండేళ్ళలో నేను విన్నంతవరకు.

బాధితురాలికి సొంతంగా అప్పీలు వేసుకునే హక్కు 2009 చివరి నుంచి ఉంది, ఆమె హైకోర్టులో వేసింది, పెండింగ్. అందుకే అక్క పాత ఫోన్ ఇంకా కోర్టు ప్రాపర్టీ రూములోనే ఉంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది, అందులో పాప బారసాల ఫొటోలు ఉన్నాయట, ఎప్పుడిస్తారు సార్ అని. వాపసు పిటిషన్ వేశాం, అప్పీలు తేలేదాకా ఇవ్వడం కుదరదన్నారు.